ఎర్ర ఆకులో పచ్చదనాన్ని ఇంట్లోనే వెతకడం

గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద ఇంటర్ బైపీసీ పిల్లలకు బోటనీ ట్యూషన్ చెబుతాను. ఏ బ్యాచ్‌లోనైనా ఈ ప్రశ్న తప్పదు: "మేడమ్, పచ్చగా ఉన్న ఆకే కదా ఆహారం తయారుచేసుకునేది? మరి ఎర్ర తోటకూర ఎలా బతుకుతోంది?" జవాబు నోటితో చెబితే రాసుకుంటారు, పరీక్ష అయ్యాక మర్చిపోతారు. అందుకే వంటింట్లోవీ, మెడికల్ షాపులో దొరికేవీ పెట్టి వాళ్ళ చేతే చేయిస్తున్నాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చెయ్యొచ్చు, పక్కన పెద్దవాళ్ళు ఒకరుంటే చాలు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. రైతుబజారులో ఎర్ర తోటకూర కట్ట ఒకటి, పాలకూర కట్ట ఒకటి, కాడలు ఎర్రగా ఉన్న గోంగూర కట్ట ఒకటి తీసుకోండి. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్, సూది లేని పెద్ద సిరంజి అడగండి. ఇంట్లో రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ నూనె, వంటసోడా, నిమ్మకాయ, కిళ్ళీ కొట్లో దొరికే సున్నం, మూత ఉన్న చిన్న గాజు సీసాలు ఉంటే సరి. మొబైల్ షాపుల్లో నోట్లు చూసుకునే ఊదారంగు టార్చ్ అమ్ముతారు, దాన్ని మాత్రం తప్పకుండా కొనండి. అది లేకపోతే ఈ ప్రయోగాల్లో అసలు సరదా పోతుంది.

ఒక జాగ్రత్త ముందే చెబుతున్నాను. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. స్పిరిట్ సీసా మూత తీశాక వంటగదిలో స్టవ్ వెలిగించి ఉండకూడదు. వేడి చెయ్యాల్సి వస్తే నీళ్ళు మరగబెట్టి, స్టవ్ ఆపేసి, ఆ వేడినీళ్ళ గిన్నెలో స్పిరిట్ గ్లాసు పెట్టాలి. నేనైతే స్పిరిట్ పనంతా మేడ మీద ఆరుబయటే చేయిస్తాను.

ముందు నీళ్ళు

మా సబ్జెక్టు మాస్టర్లు రంగుల పాఠం అనగానే క్రొమటోగ్రఫీ పట్టీలతో, అంటే కాగితం మీద రంగులు విడదీయడంతో, మొదలుపెడతారు. నాకది నచ్చదు. ఆకు రంగు గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న, అది నీళ్ళలో కరుగుతుందా, నూనెలో కరుగుతుందా అన్నది. ఈ ఒక్క ప్రశ్నతో సగం పాఠం అయిపోతుంది.

ఎర్ర తోటకూర ఆకులు నాలుగు తీసుకుని గిన్నెలో వేసి, మరిగిన నీళ్ళు పోసి అయిదు నిమిషాలు వదిలేయండి. నీళ్ళు బీట్‌రూట్ నీళ్ళలా ముదురు గులాబీ రంగుకు వస్తాయి. ఇప్పుడు ఆకును గరిటెతో తీసి తెల్ల పళ్ళెంలో పరిచి చూడండి. పచ్చగా ఉంటుంది. కాస్త మాసిన పచ్చే, కానీ పచ్చే. ఇది చూసి పిల్లలు నోరు తెరుస్తారు. మా అత్తయ్య మాత్రం "ఇందులో వింతేముంది, తోటకూర ఉడికించిన ప్రతిసారీ నాకు కనిపించేదే కదా" అంటుంది. ఆవిడ మాట నిజమే. పచ్చదనం మొదటినుంచీ ఆకులోనే ఉంది. ఎరుపు దాన్ని కప్పేసింది, అంతే.

ఎందుకలా? ఎర్ర తోటకూరలోని ఎరుపు బీటాసయనిన్ అనే పదార్థం. అది కణంలో రిక్తిక అనే నీటి సంచిలో కరిగి ఉంటుంది. మరిగే నీళ్ళు తగలగానే ఆ సంచి పొరలు పాడై, రంగు బయటికొచ్చేస్తుంది. ఆకుకు పచ్చదనమిచ్చే పత్రహరితం అలా కాదు. అది హరితరేణువుల లోపలి పొరల్లో ప్రొటీన్లతో కలిసి ఇరుక్కుని ఉంటుంది, పైగా నీళ్ళలో కరగదు. అందుకే నీళ్ళలోకి రాకుండా ఆకులోనే మిగిలిపోయింది.

ఈ తేడా చిన్నదనిపిస్తుంది కానీ అసలు విషయం ఇదే. వెలుతురు పట్టి చక్కెర తయారుచేసే యంత్రాంగం హరితరేణువులో ఉంది. రిక్తికలో ఉన్న ఎరుపు ఆ యంత్రాంగానికి బయట ఉంది. తను పట్టిన వెలుగును పత్రహరితానికి అందించే దారి దానికి లేదు. మే నెలలో మన గుంటూరులో నెత్తిన పట్టుకునే గొడుగు లాంటిది అది. ఎండ కొంత ఆపుతుంది, వంట మాత్రం చెయ్యదు.

రెండు ఎరుపులు

గోంగూర కాడ ఎరుపు, తోటకూర ఎరుపు చూడడానికి ఒకలాగే ఉంటాయి. రెండూ నీళ్ళలో కరిగేవే, రెండూ రిక్తికలోనే ఉంటాయి. అయినా రసాయనం వేరు. గోంగూరది యాంథోసయనిన్, తోటకూరది బీటాసయనిన్. కనిపెట్టడం ఇలా.

ఎర్ర గోంగూర కాడల మీది తొక్క గోరుతో గీకి, కొద్ది వేడినీళ్ళలో నానబెట్టండి. లేత గులాబీ నీళ్ళు వస్తాయి. తోటకూర నీళ్ళు ముందే ఉన్నాయి కదా. రెండింటినీ తెల్ల కప్పుల్లో కొంచెం కొంచెంగా పంచండి. ఒక జత కప్పుల్లో నిమ్మరసం నాలుగు చుక్కలు, ఇంకో జతలో వంటసోడా చిటికెడు, మూడో జతలో సున్నపు తేట వెయ్యండి. సున్నపు తేట అంటే, సున్నం నీళ్ళలో కలిపి, అడుగుకు దిగాక పైన తేరిన నీళ్ళు. అది కళ్ళలో పడకూడదు, వేళ్ళకు అంటితే వెంటనే కడుక్కోవాలి.

నిమ్మరసంలో గోంగూర నీళ్ళు ఇంకా ఎర్రబడతాయి. సోడా వేస్తే ముందు నురగొస్తుంది, ఎందుకంటే గోంగూరకు సొంత పులుపు ఉంది. ఇంకాస్త వేస్తే రంగు నీలంవైపు, పచ్చవైపు జరుగుతుంది. తోటకూర నీళ్ళు నిమ్మకూ సోడాకూ పెద్దగా చలించవు. సున్నపు తేట పడితే మాత్రం గులాబీ పోయి పసుపులోకి తిరుగుతాయి. గోంగూర కాడ దొరక్కపోతే వంకాయ తొక్కో, శంఖపుష్పాలో, నేరేడు పండు తొక్కో వాడుకోండి. అవన్నీ యాంథోసయనిన్ బాపతే. బీట్‌రూట్, ఎర్ర బచ్చలి కాడ, కాగితం పూలు, డ్రాగన్ ఫ్రూట్, చంద్రకాంత పూలు బీటాసయనిన్ బాపతు. ఈ రెండో జాబితాలోని మొక్కలన్నీ వృక్షశాస్త్రంలో దగ్గరి బంధువులు. ఒకే మొక్కలో ఈ రెండు రకాల రంగులూ కలిసి ఇంతవరకూ కనబడలేదు. ఎందుకు కలవవన్నది శాస్త్రవేత్తలు ఇంకా తవ్వుతున్న సంగతి.

మామిడి చిగురు, రావి చిగురు కూడా తెచ్చి చూడమంటాను. రెండూ రాగి రంగులో ఉంటాయి, పది పదిహేను రోజుల్లో పచ్చబడతాయి. ఆ రాగి రంగు యాంథోసయనిన్‌దే. చిగురులో హరితరేణువులు ఇంకా పూర్తిగా తయారు కాలేదు. ఎక్కువ ఎండ పడితే తట్టుకోలేవు, అందుకే ముందు నీడ ఏర్పాటు చేసుకుంటుందన్నది ఒక వాదన. పురుగులు అంత సులువుగా దాని జోలికి రాకుండా అన్నది ఇంకో వాదన. నాకు మొదటిదే బలంగా కనిపిస్తుంది. రెండూ ఒకేసారి నిజం కావడానికి అడ్డేమీ లేదు.

ఒకే సీసాలో పచ్చా, ఎరుపూ

ఈ ప్రయోగాన్ని మాత్రం తొందరపడకుండా చెయ్యండి.

వేడినీళ్ళు తగలని తాజా ఎర్ర తోటకూర ఆకులు ఒక గుప్పెడు తీసుకోండి. ఈనెలు తీసేసి, చిన్న రోట్లో చిటికెడు శుభ్రమైన ఇసుక, చిటికెడు సుద్దపొడి వేసి నూరండి. ఇసుక కణాలను చీలుస్తుంది. సుద్ద ఎందుకంటే, ఆకులో ఉన్న పులుపు పత్రహరితాన్ని పాడుచెయ్యకుండా. పత్రహరితం అణువు మధ్యలో ఒక మెగ్నీషియం పరమాణువు కూర్చుని ఉంటుంది. పులుపూ వేడీ తగిలితే ఆ మెగ్నీషియం జారిపోయి, దాని చోట హైడ్రోజన్లు వచ్చి చేరతాయి. అప్పుడు పచ్చదనం చచ్చి గోధుమ కలిసిన ఆలివ్ రంగు మిగులుతుంది. గోంగూర మగ్గగానే బాణలిలో రంగు మారేది ఇందువల్లే. కాబట్టి పత్రహరితం తీయడానికి గోంగూర పనికిరాదు, పచ్చడికే వాడండి.

నూరిన ముద్ద మీద నాలుగైదు చెంచాల స్పిరిట్ పోసి, ఇంకోసారి తిప్పి, పల్చటి గుడ్డలో వడగట్టండి. మసక రంగు ద్రవం వస్తుంది, ఎరుపో పచ్చో చెప్పలేనట్టు ఉంటుంది. దీన్ని రెండు చెంచాలు చిన్న సీసాలోకి తీసుకోండి. దాని మీద ఒక చెంచా సన్‌ఫ్లవర్ నూనె, రెండు చెంచాల నీళ్ళు, చిటికెడు ఉప్పు వెయ్యండి. మూత బిగించి, సీసాను మెల్లగా తలకిందులు చేస్తూ పైకి తెస్తూ ఓ ఇరవైసార్లు తిప్పండి. గట్టిగా ఊపకండి. ఊపితే నూనె నీళ్ళలో చిలికినట్టయి, ఎంతసేపటికీ విడిపోదు. సీసాను కదలకుండా పెట్టి అరగంట ఆగండి. వేరుశనగ నూనె, నువ్వుల నూనె వద్దు, వాటి సొంత రంగు అడ్డమొస్తుంది.

తేరుకున్నాక పైన నూనె పచ్చగా, కింద నీళ్ళు గులాబీగా కనిపిస్తాయి. తోటకూర లోపలి రెండు రంగులూ ఎవరి చోటుకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఎర్ర ఆకులో పత్రహరితం ఉందా అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

ఇప్పుడు టార్చ్. కొంచెం స్పిరిట్ రసం విడిగా ఉంచుకోమని ముందే చెప్పాల్సింది, ఉంచుకునే ఉంటారులెండి. పాలకూరతో కూడా ఇలాగే రసం తీసి పక్కన పెట్టుకోండి. గది చీకటి చేసి, ఊదారంగు టార్చ్ వెలుగును సీసా పక్కనుంచి కొట్టండి. పచ్చటి రసం ఎర్రగా, రక్తం రంగులో వెలుగుతుంది. టార్చ్ ఎవరి కళ్ళలోకీ కొట్టకూడదు, అద్దం ముందు అసలే వద్దు.

పత్రహరితం నీలి వెలుగునూ ఎర్ర వెలుగునూ బాగా పీల్చుకుంటుంది. ఈథర్‌లో కరిగించి కొలిస్తే, పత్రహరితం 'ఎ' ఎక్కువగా పీల్చేది 430 (నీలి), 662 (ఎర్ర) నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర. మధ్యలోని ఆకుపచ్చ వెలుగును అంతగా తీసుకోదు కాబట్టే ఆకు పచ్చగా కనిపిస్తుంది. ప్రాణమున్న ఆకులో, పీల్చిన ఈ శక్తిలో ఎక్కువ భాగం చక్కెర తయారీకో, వేడిగానో పోతుంది, కొద్ది శాతమే ఎర్ర వెలుగుగా బయటికొస్తుంది. ఆకును నూరి యంత్రాంగాన్ని మనమే విరగ్గొట్టాం కదా. పట్టిన శక్తిని తీసుకునేవాళ్ళు లేక అందులో పెద్ద వాటా ఎర్ర వెలుగై వచ్చేస్తోంది. గులాబీ నీళ్ళ మీద ఇదే టార్చ్ కొట్టి చూడండి, ఈ ఎర్ర వెలుగు రాదు. ఆకు రంగు ఏదైనా కానీ, స్పిరిట్ రసం టార్చ్‌కి ఎర్రగా వెలిగిందంటే అందులో పత్రహరితం ఉన్నట్టే. ఇంటి ముందు కుండీల్లో ఉన్న ఊదా ఆకులు, కోలియస్, క్రోటన్ అన్నిటికీ ఈ పరీక్ష పెట్టుకోవచ్చు. క్రోటన్ పాలు చర్మానికి దురద పుట్టిస్తాయి, గ్లవ్స్ వేసుకుని కొయ్యండి.

క్రొమటోగ్రఫీ పట్టీల సంగతి క్లుప్తంగా. ఫిల్టర్ పేపర్ పట్టీ మీద అడుగునుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తున పెన్సిల్ గీత గీసి, దాని మీద ఆకు పెట్టి, రూపాయి బిళ్ళ అంచుతో నొక్కి దొర్లించండి. ఆరనిచ్చి మళ్ళీ అదే గీత మీద దొర్లించాలి. గీత ముదురుగా పడేదాకా ఇదే పని. తర్వాత గీతకు తగలనంత మట్టానికే ద్రావణి పోసి, పట్టీ దించి, మూత పెట్టాలి. ఇంట్లో స్పిరిట్‌తో చేస్తే పసుపు ఒక పట్టీగా, పచ్చ ఒక పట్టీగా వస్తే గొప్ప. కాలేజీ ల్యాబ్‌లో పెట్రోలియం ఈథర్ తొమ్మిది వంతులు, అసిటోన్ ఒక వంతు కలిపి చేస్తే నాలుగు పట్టీలు తేలతాయి: అన్నిటికంటే పైన కెరోటిన్, దాని కింద జాంథోఫిల్, తర్వాత నీలిపచ్చ పత్రహరితం 'ఎ', ఆ కింద పసుపుపచ్చ 'బి'. పాలకూరనూ ఎర్ర తోటకూరనూ పక్కపక్కన నడిపితే ఈ నాలుగూ రెండింట్లోనూ అదే వరసలో ఉంటాయి. తోటకూర గీత దగ్గర మాత్రం గులాబీ మరక కదలకుండా మిగిలిపోతుంది. రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ 1900ల తొలి సంవత్సరాల్లో ఈ పని కాగితంతో కాదు, గాజు గొట్టంలో సుద్దపొడి దట్టించి చేశాడు. ఆకులో పచ్చ ఒక్కటే కాదు, రెండున్నాయనీ, పసుపులు ఇంకా ఎక్కువున్నాయనీ అలాగే విడదీసి చూపించాడు.

ఈ పసుపులను చిన్నచూపు చూడకండి. వీటినే కెరోటినాయిడ్లు అంటారు, ఇవి హరితరేణువు లోపలే, పత్రహరితం పక్కనే ఉంటాయి. పత్రహరితం సరిగా పట్టలేని నీలిపచ్చ వెలుగు కొంత ఇవి పట్టి దానికి అందిస్తాయి. ఎండ మరీ ఎక్కువైతే అదనపు శక్తిని వేడిగా వదిలించేది కూడా వీటిలోని కొన్నే.

ఎర్ర ఆకు పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది

పత్రహరితం ఉందని తేలింది, సరే. పని చేస్తోందా? దీనికి సిరంజి కావాలి.

గ్లాసుడు నీళ్ళలో పావు టీస్పూన్‌లో సగం వంటసోడా, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క కలపండి. నురగ రాకుండా మెల్లగా కలపాలి. పాలకూర ఆకునుంచీ, ఎర్ర తోటకూర ఆకునుంచీ పేపర్ పంచ్‌తో గుండ్రటి ముక్కలు పదేసి కొట్టండి, ఈనెలు తగలకుండా. ముక్కల్ని సిరంజిలో వేసి, ఆ సోడా నీళ్ళు సగం దాకా పీల్చి, లోపలి గాలిని బయటికి తోసెయ్యండి. ఇప్పుడు సిరంజి మూతిని వేలితో గట్టిగా మూసి, పిస్టన్ వెనక్కి లాగి కొన్ని క్షణాలు పట్టుకోండి. ఆకులోపల ఖాళీల్లో ఉన్న గాలి బుడగలుగా బయటికొస్తుంది. వేలు తీయగానే ఆ ఖాళీల్లోకి నీళ్ళు చేరి ముక్కలు మునుగుతాయి. మునగకపోతే మళ్ళీ లాగండి. మరీ బలంగా లాగితే ఆకు చితికిపోతుంది.

మునిగిన ముక్కల్ని రెండు గ్లాసుల్లో సోడా నీళ్ళతో సహా వేసి ఎండలో పెట్టండి. మన ఎండలో నీళ్ళు వేడెక్కిపోతాయి కాబట్టి ఉదయం తొమ్మిదిలోపు చెయ్యండి, లేదా ఎల్‌ఈడీ బల్బు కింద పెట్టండి. వెలుతురులో ఆక్సిజన్ పుట్టి, ఆకు లోపలి ఖాళీల్లో బుడగలుగా చేరి, ముక్కలు ఒకటొకటిగా పైకి లేస్తాయి. పాలకూర ముక్కలు లేస్తాయి, ఎర్ర తోటకూర ముక్కలూ లేస్తాయి. ఎవరు ముందు లేస్తారన్న పందెం పిల్లలు తప్పకుండా వేస్తారు, వేసుకోనివ్వండి. కానీ దాన్నిబట్టి ఎర్ర ఆకు బలహీనమనో బలమైనదనో రాసుకోవద్దని చెప్పండి. ఆకు మందం, వయసు, ఎంత బాగా మునిగింది అన్నవన్నీ ఇందులో కలిసిపోయి ఉంటాయి. మూడో గ్లాసులో కొన్ని ముక్కలు వేసి అల్యూమినియం రేకు చుట్టి చీకట్లో ఉంచడం మర్చిపోవద్దు. చీకటి ముక్కలు లేవకుండా ఉంటేనే, వెలుతురులో లేచినవి వెలుతురు వల్లే లేచాయని ధైర్యంగా చెప్పగలం.

నీలం, ఎరుపు, గోధుమ నాచులు

నాచుల దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఎర్ర తోటకూరలో ఎరుపు వంట చెయ్యదన్నాను కదా, ఎర్ర నాచులో ఎరుపు వంట చేస్తుంది.

ముందు అందరికీ దొరికేది స్పిరులినా. మెడికల్ షాపులో క్యాప్స్యూల్స్‌గా ఇస్తారు. దీన్ని నాచు అంటారుగానీ నిజానికిది సయనోబాక్టీరియా, అంటే కిరణజన్య సంయోగక్రియ చేసే బ్యాక్టీరియా. రెండు క్యాప్స్యూల్స్ విప్పి ఆ ముదురుపచ్చ పొడిని అర గ్లాసు చల్లని నీళ్ళలో కలిపి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. మధ్యలో ఒకట్రెండుసార్లు కదపండి. పొద్దున గుడ్డలో ఒకసారి, ఫిల్టర్ పేపర్‌లో ఒకసారి వడగట్టండి. నిదానంగా దిగుతుంది, ఓపిక పట్టాలి. దిగేది చక్కటి నీలం. పైన మిగిలిన మడ్డిని ఆరబెట్టి స్పిరిట్ పోస్తే పచ్చ రసం వస్తుంది. పచ్చది పత్రహరితం, నీలంది ఫైకోసయనిన్. 2013లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ మిఠాయిలకూ చూయింగ్ గమ్‌కూ సహజ నీలం రంగుగా ఒప్పుకున్నది ఈ స్పిరులినా సారాన్నే.

నీళ్ళలో కరిగింది కాబట్టి ఇదీ గొడుగేనా అని ఒక తెలివైన పిల్ల అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. కాదు. ఫైకోసయనిన్ ఒక ప్రొటీన్, దానికి రంగు భాగం అతుక్కుని ఉంటుంది. ప్రొటీన్ కాబట్టి నీళ్ళలో కరిగింది. కానీ కణంలో అది రిక్తికలో లేదు, పత్రహరితమున్న పొరలకే ఆనుకుని గుత్తులుగా ఉంటుంది. 620 నానోమీటర్ల దగ్గరి నారింజ వెలుగును పట్టి పత్రహరితానికి అందిస్తుంది. నీళ్ళలో కరగడం, ఉన్న చోటు, ఈ రెండూ వేరువేరు ప్రశ్నలని నాకు స్పిరులినాతోనే చెప్పడం తేలిక. నీలం నీళ్ళను కొంచెం చెంచాలోకి తీసుకుని వేడినీళ్ళ మీద పెట్టండి, నీలం వెలిసిపోతుంది. ప్రొటీన్ విరిగిపోయినందుకే అలా. బీట్‌రూట్ నీళ్ళు ఇంత త్వరగా లొంగవు.

ఎర్ర నాచులకు సుషీలో చుట్టే నోరి రేకులు వాడొచ్చు, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కాల్చని రేకులే తెప్పించుకోండి. మామూలుగా అమ్మేవి కాల్చినవి, పచ్చగా ఉంటాయి. కాల్చినప్పుడు వాటిలోని ఎర్ర ప్రొటీన్, ఫైకోఎరిత్రిన్, పాడైపోతుంది. ముదురు ఊదా నలుపులో ఉండే కాల్చని రేకును ముక్కలు చేసి చల్లటి నీళ్ళలో నానబెడితే గులాబీ నీళ్ళు దిగుతాయి. దాన్నే పెనం మీద అటూ ఇటూ వేడి చేస్తే, పచ్చబడడం మీ కళ్ళముందే చూడొచ్చు.

ఫైకోఎరిత్రిన్ ఆకుపచ్చ వెలుగును పడుతుంది, పత్రహరితం వదిలేసేది అదే. సముద్రంలో కిందికి వెళ్ళేకొద్దీ ఎర్ర వెలుగు పై మీటర్లలోనే ఇంకిపోతుంది, నీలం, నీలిపచ్చ మిగులుతాయి. అక్కడ ఈ ఎర్ర ప్రొటీన్ ఉన్నవాళ్ళకు లాభం. 1980లలో బహామాస్ దగ్గర 268 మీటర్ల లోతులో రాయికి అంటుకుని బతుకుతున్న ఎర్ర నాచు దొరికింది. పైనున్న వెలుగులో వెయ్యో వంతు కూడా అక్కడికి చేరదు. రంగును బట్టే నాచులు లోతు పంచుకుంటాయని 1880లలో జర్మన్ శాస్త్రవేత్త ఎంగెల్మన్ అన్నాడు. పాఠాల్లో ఇప్పటికీ అదే చెబుతారు. నిజానికి పచ్చ నాచులూ చాలా లోతులో కనిపిస్తాయి, ఎర్రవి ఒడ్డు రాళ్ళ మీదా ఉంటాయి. రంగు ఒక కారణమే, అన్నీ అదే తేల్చదు.

గోధుమ నాచులు కావాలంటే సూర్యలంకలో వెతికి లాభం లేదు. అది ఇసుక తీరం, ఈ నాచులకు పట్టుకోవడానికి రాళ్ళు కావాలి. విశాఖ వెళ్ళినప్పుడు రాళ్ళ దగ్గర అలలకు కొట్టుకొచ్చిన సర్గాసం ముక్క ఒకటి ఏరుకోండి, బతికున్నదాన్ని పీకొద్దు. ఇంటికొచ్చాక మరిగే నీళ్ళలో ముంచితే గోధుమ రంగు పోయి పచ్చ బయటపడుతుంది. ఆ గోధుమకు కారణం ఫ్యూకోజాంథిన్ అనే కెరోటినాయిడ్. ప్రొటీన్‌తో జట్టుగా ఉన్నంతసేపు నీలిపచ్చ వెలుగును బాగా పట్టి పత్రహరితానికి అందిస్తుంది. వేడికి జట్టు విడిపోతే దాని రంగు మారిపోతుంది, పచ్చ పైకొస్తుంది.

మన మిర్చి

గుంటూరులో ఉండి మిర్చి గురించి రాయకపోతే బాగోదు. పచ్చిమిర్చి తొక్కలో పత్రహరితం ఉంది, కాయ కూడా కొంత ఆహారం తయారుచేసుకుంటుంది. పండేటప్పుడు హరితరేణువులే రూపం మార్చుకుని వర్ణరేణువులవుతాయి, పత్రహరితం విరిగిపోతుంది, క్యాప్సాంథిన్ అనే ఎరుపు పేరుకుంటుంది. ఇదీ కెరోటినాయిడే, కానీ ఇక్కడ వెలుగు పట్టే పని లేదు. పండును తినేవాళ్ళకు ఎరుపు చూపించడమే పని. కారప్పొడి చెంచాడు నీళ్ళలో, చెంచాడు నూనెలో వేసి చూస్తే ఎరుపు నూనెలోకే వెళుతుంది, ఆవకాయ మీద తేలే నూనె ఎర్రగా ఉండేది ఇందుకే. మిర్చి యార్డులో ఎగుమతిదారులు "ఆస్టా ఎంత?" అని అడిగేది కూడా ఈ రంగు గురించే, ఆస్టా అంటే అమెరికా మసాలా వ్యాపారుల సంఘం పేరుతో ఉన్న రంగు కొలత. ల్యాబ్‌లో కారాన్ని అసిటోన్‌లో నానబెట్టి, 460 నానోమీటర్ల దగ్గర ఎంత వెలుగు పీల్చిందో కొలుస్తారు. మనం స్పిరిట్‌తో చేసినదానికి అది పెద్దన్న. ఒక గ్లాసు నీళ్ళ మీద కారం చల్లితే ఎర్రటి చారలు కిందికి దిగాయంటే, నీళ్ళలో కరిగే రంగు ఏదో కలిపారని అర్థం. నూనెలో కరిగే కల్తీ రంగులు మాత్రం ఈ పరీక్షకు దొరకవు.

అసలు పత్రహరితమే లేని మొక్క

చివరగా, చలికాలంలో పొగాకు పొలాలవైపు వెళ్ళే పని పడితే పొగాకు మల్లె చూడండి. పొగాకు మొక్క మొదట్లో, లేత పసుపు కాడతో, ఆకుల బదులు పొలుసులతో లేచి, ఊదా కలిసిన పూలు పూస్తుంది. వేరు పొగాకు వేరుకు అతుక్కుని ఉంటుంది, తిండి మొత్తం అక్కడినుంచే లాగుతుంది. దీని కాడను నూరి స్పిరిట్ పోస్తే రసం గడ్డి రంగులోనే ఉంటుంది, టార్చ్ కొట్టినా ఎర్ర వెలుగు రాదు. కంచెల మీద ఆకుల్లేకుండా పాకే సీతమ్మ పోగునూలుతో పోల్చి చూస్తే ఇంకా బాగుంటుంది. అదీ పరాన్నజీవే, పసుపు రంగంతా కెరోటినాయిడ్లది, కానీ పత్రహరితం ఆనవాళ్ళు కొద్దిగా మిగిలుంటాయి కాబట్టి టార్చ్‌కి మందంగా స్పందించవచ్చు.

పొగాకు మల్లె తెచ్చుకునేటప్పుడు రైతును అడిగి, గింజ కట్టని లేత మొక్కనే తీసుకోండి. దాని గింజలు దుమ్మంత సన్నం, ఒక్క మొక్కకు వేలకు వేలు ఉంటాయి, నేలలో ఏళ్ళ తరబడి బతికుంటాయి. ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి తెచ్చి, పని అయ్యాక కుండీలోనో చెత్తకుప్పలోనో పారెయ్యకుండా కాల్చెయ్యండి. స్పిరిట్ తడి ఆరాకే అగ్గిపుల్ల గీయాలి.